మా జల్లెడ కళాఖండమైన విధానం

ఒడిశా బరంపురంలో మా మేనల్లుడు మల్టీమీడియా ఆర్టిస్టు అయ్యాడు. ఇంటిమీదికి ఆపద వచ్చిందనుకున్నాను గానీ, వచ్చింది వంటింటి మీదికి. "కాంతితో, రోజువారీ వస్తువులతో మనిషి చూపునే ప్రశ్నిస్తున్నాను మావయ్యా" అని మా జల్లెడ, రెండు స్టీలు గిన్నెలు, కొబ్బరి కోరాం, దోమతెర పట్టుకుపోయాడు. చూపుని ప్రశ్నించడానికి దోమతెర దేనికని నేనడగలేదు. ఆ రాత్రి దోమలు అడిగాయి.

కళని వెక్కిరించే మనిషిని కాను. ఈ విద్యలో ఉద్దండులున్నారు. అమెరికాలో డాన్ ఫ్లావిన్ 1963లో కొట్లో దొరికే ట్యూబ్‌లైటుని గోడకి ఏటవాలుగా బిగించి, ఇదే కళ అన్నాడు. ఏటవాలు ట్యూబ్‌లైటు మా వీధి స్తంభానికీ ఉంది, క్లిప్పు ఊడి చాలాకాలమైంది. బ్రిటన్‌లో మార్టిన్ క్రీడ్ ఖాళీ గదిలో లైటు 5 సెకన్లు వెలిగి, 5 సెకన్లు ఆరేలా పెట్టాడు. అంతే. 2001లో ఆయనకి టర్నర్ బహుమతి ఇచ్చారు, 20,000 పౌండ్లు. ఇది విని మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మిక్సీ వేస్తే మా ఇంట్లో లైటు ఏం చేస్తుందో ఆమెకి తెలుసు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి చీకట్లో కూర్చున్నాం. 5 సెకన్లతో పోలిస్తే ఎంత విస్తారమైన కృషి! ఒక్క పౌండూ రాలేదు.

లోపం ఎక్కడుందో ప్రదర్శనకి వెళ్ళాక బోధపడింది. అట్టముక్క. వస్తువు పక్కన చిన్న అట్టముక్క అంటించి, దేనితో చేశారో రాస్తే కళ. మనమేమో కరెంటాఫీసుకి అర్జీ రాస్తాం. మా జల్లెడ పక్కన ఇలా ఉంది: "స్టీలు, ఎల్‌ఈడీ, సందేహం."

మా అమ్మమ్మకి ఈ కిటుకు తెలియక నష్టపోయింది. పెంకుటింటి కప్పులో ఒక గాజు పెంకు ఉండేది. దాన్లోంచి పడే ఎండముక్క నేలమీద పాకుతూ బియ్యం డబ్బా దగ్గరికొస్తే తాతయ్యకి అన్నం వేళ. చలికాలం దాని దారి వేరు, వేసవిలో వేరు. పగిలిన పెంకుల సందుల్లోంచి కూడా ఎండ చుక్కలు పడేవి. సందులు వంకరటింకర, చుక్కలు మాత్రం గుండ్రం. ఎందుకో 1980 ఫిబ్రవరి 16న, సూర్యగ్రహణం నాడు తెలిసింది: నేలమీది చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు! గ్రహణం చూడకూడదని మమ్మల్ని లోపల పెట్టి తలుపులేసిన అమ్మమ్మ, ఒక్కటి కాదు, ముప్ఫై గ్రహణాలు చూపించింది. అట్టముక్క లేదు కనక అది కళ అనిపించుకోలేదు, ఇల్లు నేయించే స్తోమత లేకపోవడం అనిపించుకుంది.

అసలు చూపు గురించి మా వైపు తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాలా? 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మా ముత్తాత, ఏప్రిల్ ఒకటిన, ఆరోజే కొత్త రాష్ట్రంగా ఏర్పడ్డ ఒరిస్సాలో లేచాడు. మంచం కదల్లేదు, దీపం కదల్లేదు. (తేదీ చూసి ఎవరో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాడట.) ఇప్పటికీ ఇక్కడ మేం తెలుగువాళ్ళం, సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటి ఆంధ్రాలోకి వెళ్తే ఒడియావాళ్ళం. 2003లో లండన్‌లో ఓలాఫర్ ఎలియాసన్ పసుపు దీపాలతో సూర్యుణ్ణి చేసి, కప్పుకి అద్దాలు పెడితే, జనం నేలమీద వెల్లకిలా పడుకుని తమని తామే చూసుకున్నారట. మే నెలలో మేమూ నేలమీదే పడుకుంటాం. కరెంటు లేక.

ఇంతకీ జల్లెడ. ప్రదర్శన రెండోరోజు మా ఆవిడ హాల్లోకి వెళ్ళింది. గోధుమపిండిలో పురుగు కనిపించింది మరి. పదిమంది గడ్డాలకింద చేతులు పెట్టుకుని గోడమీది చుక్కల వెలుగుని చూస్తుంటే, చెప్పులు విప్పి, స్టూలెక్కి, జల్లెడ ఊడదీసి సంచిలో వేసుకుంది. చుక్కలు పోయి ఒకటే పెద్ద తెల్లటి గుండ్రం మిగిలింది. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత చప్పట్లు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

నిన్న మావాడు ఫోన్ చేశాడు. భువనేశ్వర్‌లో ఇంకో ప్రదర్శనట. "అత్తని పంపిస్తావా మావయ్యా?" అన్నాడు. రానూపోనూ ఏసీ టికెట్టు, దోమతెర ముందుగా చేతికిస్తే ఆలోచిస్తానంది.