నాన్ గారి 312 ఎకరాలు

నెల్లూరు జిల్లాలో గట్టు జరపడమంటే చిన్న విషయం కాదు. జానెడు గట్టు తెగ్గొట్టినందుకు మూడు తరాలుగా మాటల్లేని అన్నదమ్ములు మా వైపు ఊరికి ఇద్దరుంటారు. ఆ జానెడు నేల ఖరీదుకు వంద రెట్లు వకీలు ఫీజు కట్టి, ఇప్పటికీ వాయిదాలకు తిరిగేవాళ్లూ ఉన్నారు. అలాంటి జిల్లాలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, ఒక్క క్లిక్కుతో పన్నెండు గళ్ల మధ్య గట్లు కొట్టేసి, పైగా "ఎంత నీటుగా వచ్చిందో చూడు" అని మురిసిపోయేవాళ్ల మీద ఇంతవరకు ఒక్క కేసూ లేదు. ఆ క్లిక్కు పేరు మెర్జ్ అండ్ సెంటర్, ఎక్సెల్‌లో పక్కపక్క గళ్లను కలిపి ఒకటిగా చూపించే మీట.

మొన్న నాకు వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు వచ్చింది. పేరు "ఫైనల్ లిస్ట్ న్యూ కరెక్టెడ్ 2". తెరిచాను. పైన పన్నెండు గళ్లు కలిపి ఆఫీసు పేరు. దాని కింద పన్నెండు గళ్లు కలిపి మండలం పేరు. దాని కింద ఇంకో పన్నెండు కలిపి, ఏ తేదీ నాటికో ఒక వాక్యం. పెళ్లి శుభలేఖ ఎంత పద్ధతిగా ఉంటుందో అంత పద్ధతిగా ఉంది, శ్రీరస్తు శుభమస్తు ఒక్కటే తక్కువ. అసలు లెక్క ఏడో వరుసలో మొదలైంది. నా బీపీ కూడా అక్కడే మొదలైంది.

ఈ ఫైళ్లు తయారుచేసేవాళ్లకు ఎక్సెల్ అంటే గీతలు గీసి ఉన్న తెల్లకాగితం. అందులో ముగ్గు వేస్తారు. ఆ ముగ్గును ప్రోగ్రాము రాసి చదవమని నాబోటి వాడికి పంపుతారు. లోపల ఏముందో ఒకసారి చూస్తే బాగుండు. 2007 నుంచి వస్తున్న ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల ఎక్స్ఎంఎల్ ఫైళ్లు, అంటే గుర్తులు పెట్టి రాసిన మామూలు అక్షరాల ఫైళ్లు, బయటపడతాయి: షీటుకు ఒకటి, రంగులకూ ఫాంట్లకూ ఒకటి, మాటలన్నీ పోగేసిన సంచి ఒకటి. మెర్జ్ చేసిన గళ్లు అక్కడ కలవనే కలవవు. వరుసలన్నీ అయిపోయాక, అడుగున ఒక చీటీ ఉంటుంది: బి7 నుంచి బి9 దాకా ఒకే గడిలా చూపించు అని. అంతే సంగతి. విలువ ఉండేది ఎడమవైపు పై గడిలో మాత్రమే, మిగతావి ఖాళీ. మన కంటికి ముగ్గురు అన్నదమ్ములు ఒకే కప్పు కింద హాయిగా ఉన్నట్టుంటారు. ప్రోగ్రాము వెళ్లి తలుపు కొడితే పెద్దాయన ఒక్కడే పలుకుతాడు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటే ముందు నెల్లూరును నానబెట్టి మరీ దాటింది. నారుమళ్లు మునిగాయి. పెన్నకు అవతల ఒక ఆఫీసులో పంట నష్టం జాబితాలు తయారవుతున్నాయి. అక్కడ పనిచేసే ఒకాయన నాకు బావ వరస. ఊరికొక ఫైలు చొప్పున 23 ఫైళ్లు, అన్నీ కలిపి ఒకటి చెయ్యాలి. "కాపీ పేస్టు చేస్తే నాలుగు రోజులు పడద్ది. నువ్వేదో పైథాన్ అంటావు గదా బామ్మర్దీ, ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు. నేను చెయ్యి వేశాను. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే భాష, లైబ్రరీ అంటే అందులో ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. పాండాస్ అనే లైబ్రరీతో 20 లైన్లు రాశాను. అది ఎక్సెల్ ఫైలు తెరవడానికి వెనకాల ఓపెన్‌పైఎక్సెల్ అనే ఇంకో లైబ్రరీని వాడుకుంటుంది. 23 ఫైళ్లూ మూడు సెకన్లలో చదివేసింది. ఆసామివారీగా విస్తీర్ణం కూడి, ఎక్కువ నష్టపోయినవాళ్లు పైన వచ్చేలా పేర్చింది. మొదటి పేరు చూసి బావ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఈ నాన్ ఎవురబ్బయా? 312 ఎకరాల 40 సెంట్లు ఉండాది!"

గదిలో ఉన్నవాళ్లంతా స్క్రీను చుట్టూ చేరారు. 23 ఊళ్లలో 23 చోట్లా ఈయనకు పొలం ఉంది. ఏ ఊళ్లోనూ ఇల్లు లేదు.

"నాన్ అంటే అరవంలో నేను అని గదా సార్" అన్నాడు పక్క సీటాయన. "సూళ్లూరుపేట వైపు ఆసామి అయ్యుంటాడు."

"సూళ్లూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లా గదయ్యా."

"అదే సార్ నేననేది. అందుకే మన దగ్గర ఆయన ఫోన్ నంబరు లేదు."

ఈ తర్కానికి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. అటెండరు మాత్రం, ఇన్ని ఊళ్లలో ఇంత భూమంటే అది రొయ్యల గుంటలాయన పనేననీ, వన్నామీ బాగా కలిసొచ్చిన ఏడాది కొని ఉంటాడనీ తేల్చాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు, పాపం చదువుకున్నవాడు, 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం ఒకరి పేరు మీద ఇంత భూమి ఉండకూడదు కదా సార్ అన్నాడు. గది ఒక్కసారి చల్లబడింది. బావ లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. అంత భూమి ఉండి, పేరు మూడక్షరాలకు మించి బయటపడనివ్వలేదంటే వెనకాల ఎవరున్నారో మనకెందుకు అన్నాడు. అప్పటిదాకా "ఈ నాన్ ఎవుడు" అన్నవాళ్లు ఆ క్షణం నుంచి "నాన్ గారు" అనడం మొదలుపెట్టారు. టీ వచ్చింది. నాన్ గారి ఫైలు విడిగా పెడదామని ఒకరు, ముందు సార్‌కి నోటి మాటగా చెబుదామని ఒకరు.

నేను చెప్పాను. నాన్ అంటే నాట్ ఎ నంబర్, అక్కడ ఏమీ లేదు అని చెప్పే గుర్తు. ఒక్కో రైతుకు మూడు నాలుగు సర్వే నంబర్లు ఉంటే మీరు పేరు గళ్లన్నీ మెర్జ్ చేశారు, మొదటి నంబరుకే పేరు వచ్చింది, మిగతావాటికి రాలేదు. నా తప్పూ ఉంది. పేర్ల కాలమ్ అంతా అక్షరాలుగా మార్చు అన్నాను, అది ఖాళీలను కూడా నిజాయతీగా నాన్ అనే అక్షరాలుగా మార్చింది, ఖాళీలన్నీ కలిసి ఒక ఆసామి అయ్యాడు.

బావ అంతా విన్నాడు. "నాట్ ఎ నంబరా? నంబరే లేకపోతే భూమి ఎట్టా రాశారబ్బా?" అన్నాడు.

దీనికి మందు లేకపోలేదు. ఖాళీ గడి వస్తే పైన ఉన్న పేరునే కిందికి దించు అని చెప్పొచ్చు. ఒక్క లైను. కానీ నిజంగానే పేరు రాయడం మరిచిన వరుస మధ్యలో ఉంటే, ఆ పొలం పై వరుస ఆసామికి దఖలు పడిపోతుంది. రిజిస్ట్రారు అక్కర్లేదు, స్టాంపు డ్యూటీ అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. కాబట్టి దించే ముందు ఆ అడుగున ఉన్న చీటీ తెరిచి, ఏ గళ్లు మెర్జ్ అయ్యాయో ఓపెన్‌పైఎక్సెల్‌తో అడిగి, ఆ గళ్లకు మాత్రమే పేరు పంచాలి. 20 లైన్లు 70 అయ్యాయి.

ఇక రంగులు. పసుపు అంటే డబ్బు పడింది, ముదురు పసుపు అంటే పడాలి, గులాబీ అంటే మనిషి పోయాడు. ఈ సంగతి షీటులో ఎక్కడా రాసి ఉండదు, రంగు వేసిన మనిషికి తెలుసు, ఆవిడ బదిలీ మీద కందుకూరు వెళ్లింది. పాండాస్‌కు రంగు కనపడదు. దాని లెక్కలో పోయినవాళ్లూ డబ్బు పడినవాళ్లూ సమానం.

ఈ ఫార్మాట్లతో వేగినవాళ్ల నోరు ఎలా ఉంటుందో తెలియాలంటే జావా అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషవాళ్ల లైబ్రరీ చూడండి. అపాచీ పీఓఐ. ఆ మూడక్షరాలు మొదట్లో "పూర్ ఆబ్‌ఫస్కేషన్ ఇంప్లిమెంటేషన్", అంటే సరిగ్గా దాచడం కూడా చేతకాని దాపరికం. పాత ఎక్సెల్ ఫైళ్లు చదివే భాగం పేరు హెచ్ఎస్ఎస్ఎఫ్, "హారిబుల్ స్ప్రెడ్‌షీట్ ఫార్మాట్". సాఫ్ట్‌వేరుకు అంత నిజాయతీగా పేరు పెట్టినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. వాళ్లు నిందించింది ఫార్మాటును మాత్రమే. మా బావ ఆఫీసు ఫైలు ఒకటి చూపిస్తే ఇంకో అక్షరం చేర్చేవాళ్లు.

అసలు గొడవ ఇదీ కాదు. మెర్జ్ చేసిన పేరును వెనక్కి తెచ్చుకోవచ్చు. సర్వే నంబర్లను ఏం చెయ్యాలి?

సర్వే నంబరు 12/3. పన్నెండో నంబరులో మూడో భాగం. ఎక్సెల్ గడిలో 12/3 అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. మార్చి 12 అవుతుంది. ఇదేంటి 12-మార్ అని వచ్చింది అని, సరిచేద్దామని, ఆ గడిని టెక్స్ట్‌గా మార్చండి. 2023లో అయితే 44997 అవుతుంది. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కపెడుతుంది మరి, 2023 మార్చి 12 దాని లెక్కలో 44,997వ రోజు. అందులోనూ ఒక లేని రోజు కలిసి ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఎక్సెల్‌లో ఆ ఫిబ్రవరికి 29 రోజులు. ఎక్సెల్‌కు ముందున్న లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము చేసిన తప్పు అది, దాని ఫైళ్లతో పొత్తు కుదరాలని తెలిసీ ఉంచుకున్నారు. లేని రోజును ఇన్నేళ్లుగా కాపాడుకొస్తున్న ఎక్సెల్, ఉన్న సర్వే నంబరును ఒక్క క్షణం కాపాడదు. టైపు చేసే ముందే కాలమ్‌ను టెక్స్ట్ చేసి ఉంటే ఏ బాధా లేదు. మూడు క్లిక్కుల పని. టైటిల్‌కు మెర్జ్ కొట్టడానికి ఉన్న తీరిక దానికి లేకపోయింది.

తిరిగి తేదీ నుంచి నంబరు లాగుదామని ప్రోగ్రాము రాశాను. మార్చి 12 వస్తే 12/3 అని రాయి. బాగుంది. కానీ ఆ ఆఫీసులో కంప్యూటర్లు రెండు. ఒకటి మన పద్ధతిలో రోజు ముందు చూస్తుంది, రెండోది అమెరికా పద్ధతిలో నెల ముందు చూస్తుంది. రెండోదాంట్లో అదే 12/3 డిసెంబరు 3 అయింది, 45263. మొదటిదాంట్లో ఇంకో రైతు 3/12 కూడా డిసెంబరు 3, అదే 45263. రెండు పొలాలు, ఇద్దరు మనుషులు, ఒకటే అంకె. ఏ ఫైలు ఏ కంప్యూటరులో కొట్టారో ఎవరికీ గుర్తులేదు. దీన్ని విప్పే లైబ్రరీ ఇంకా పుట్టలేదు, పుట్టదు.

మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీకీ ఇదే కష్టం వచ్చింది. మార్చ్1 అనే జన్యువును ఎక్సెల్ మార్చి 1 చేసేస్తోందని 2020లో దాన్ని మార్చ్ఎఫ్1 చేశారు. సెప్ట్1ను సెప్టిన్1 చేశారు. అదే ఏడాది ఇంగ్లండులో, పాత ఎక్స్ఎల్ఎస్ షీటులో 65,536 వరుసలకు మించి పట్టవన్నది పట్టించుకోక, 15,841 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. అక్కడ గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది, పేపర్లన్నీ రాశాయి. జన్యువుల తరఫున శాస్త్రవేత్తలు కూర్చుని పేర్లు మార్చుకున్నారు. మా రైతు ఎవరితో కూర్చోవాలి? సర్వే నంబరు మార్చుకోవాలా?

ఆయన వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అరవై దాటి ఉంటాయి. పాసు పుస్తకాన్ని యూరియా సంచి ముక్కలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు. ఒక్కో మడత విప్పాడు. వేలు పెట్టి చూపించాడు. "12/3 అయ్యా. మా నాయన కాలం నుంచీ 12/3నే." స్క్రీను చూసిన మనిషి తల ఎత్తలేదు. మీ నంబరు సిస్టంలో లేదు అన్నాడు. లేకపోవడమేంటి, అక్కడే ఉంది, 44997 అనే దిక్కుమాలిన అంకె వేసుకుని అక్కడే కూర్చుని ఉంది! అది రాసిందీ మీరే, చెడగొట్టిందీ మీరే, మళ్లీ జిరాక్సు తెమ్మని తిప్పేదీ మీరే. ఆయన అప్పటికి మూడోసారి రావడం. వచ్చిన ప్రతిసారీ ఆటో ఛార్జీ, ఒక రోజు కూలీ, భోజనం లేదు. నారుమడి నీళ్లలో ఉంది. కంప్యూటరు తప్పు చెప్పదు కదా పెద్దాయనా అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు. కంప్యూటరు తప్పు చెప్పదు. చెప్పేవాడు దాని ముందు కుర్చీలో ఉంటాడు, సాయంత్రం అయిదింటికి లేచి వెళ్తాడు. పెద్దాయన ఎవర్నీ ఏమీ అనలేదు. పుస్తకాన్ని మళ్లీ అదే మడతల్లో చుట్టి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి, బల్ల మీద పడిన మట్టి చేత్తో తుడిచి మరీ వెళ్లాడు.

ఆ వారమంతా ఆ 23 ఫైళ్లనూ అడంగల్ పక్కన పెట్టుకుని చేత్తో సరిచేశాను. ఒంటిగంట దాకా కూర్చున్న రోజులున్నాయి. నా జాబితా బావకు పంపాను. చాలా బాగుందన్నాడు. తరువాత దాన్ని ఎవరో "కాస్త నీటుగా" చేశారని తెలిసింది.

మొన్న వచ్చిన ఫైలు పాత జాబితాలన్నీ కలిపినదట, మళ్లీ ఒకటి చెయ్యాలట. ఏడో వరుస నుంచి దిగుతూ పోయాను. 12/3 కోసం వెతికాను, దొరకలేదు. 44997 కోసం వెతికాను, అదీ లేదు. 211వ వరుసలో నాన్ గారు కనిపించారు. 312 ఎకరాల 40 సెంట్లు, ఒక సెంటు తగ్గలేదు. రిమార్కుల దగ్గర అయిదు గళ్లు మెర్జ్ చేసి, సరిగ్గా మధ్యలో రాసి ఉంది: "ఆసామి స్థానికంగా లేరు. విచారణలో ఉన్నది."

వరుసంతా పసుపు రంగు వేశారు. లేత పసుపో ముదురు పసుపో నా మానిటరులో తెలియలేదు.