ఏడురోడ్ల జంక్షన్ కొవ్వొత్తి గారికి

మహారాజశ్రీ కొవ్వొత్తి గారికి, శ్రీకాకుళం నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అణుబాంబులు కూడా క్షేమంగానే ఉన్నాయని తెలిసింది. స్టాక్‌హోమ్‌లో సిప్రి అనే సంస్థ ఏటా వాటిని లెక్కపెడుతుంది, 2025 జనవరికి ప్రపంచం మొత్తం మీద సుమారు 12,241 అన్నారు, మన దేశానివి అంతకుముందు ఏడాది 172 అయితే అప్పటికి 180 అట. అంటే ఏటా ఆగస్టు 6న హిరోషిమా రోజు ర్యాలీలో మేం మిమ్మల్ని వెలిగిస్తూనే ఉన్నాం, మన బాంబులు పెరుగుతూనే ఉన్నాయి. అందుకే మీ పనితీరు మీద చిన్న రివ్యూ.

ముందు టైమింగ్ సంగతి. హిరోషిమా మీద బాంబు పడింది 1945 ఆగస్టు 6 పొద్దున్న 8:15కి, మన లెక్కలో తెల్లారి 4:45. ఆ టైంకి జంక్షన్‌లో పాలవాళ్లూ పేపర్ కుర్రాళ్లూ తప్ప ఎవరుంటారు, పైగా పేపర్లో జిల్లా పేజీకి ఫొటో కావాలి, అందుకని సాయంత్రం ఆరున్నర. ఇంక అప్పుడు మొదలవుతుంది మీ వేషం, పేపర్ కప్పుకి కింద చిల్లు పెట్టి మిమ్మల్ని దూర్చి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, మైనం బొటనవేలి మీద కారి చురుక్కుమంటే ఓర్చుకుని, ఆరిపోతే పక్కాయన దగ్గర అంటించుకుని, ఆయనదీ ఆరిపోయి... ఫొటోగ్రాఫర్ "సార్ అందరూ ఒక్కసారి పైకెత్తండి" అన్న ఆ అర నిమిషమే మా నిరాయుధీకరణ ఉద్యమం.

మొన్న ఒకాయన ఆటో ఆపి "ఎవులు పోనారు బాబూ?" అనడిగాడు. జపాన్‌లో అన్నాను, ఒక్క హిరోషిమాలోనే ఆ ఏడాది ఆఖరుకి లక్షా నలభై వేలమంది దాకా అన్నాను. "అయ్యబాబోయ్, ఎప్పుడు?" 1945లో అనగానే ఆ జాలంతా నా మీదకి తిరిగింది. "మరిప్పుడేటి చేత్తారు?" మీ వైపు చూశాను, మీరప్పటికే ఆరిపోయున్నారు.

నా అసలు కంప్లైంట్ ఏంటంటే మీరు మరీ బుద్ధిమంతులు. మీరుంటే లాఠీ లేవదు, పోలీసులే ట్రాఫిక్ ఆపి పంపిస్తారు. మా జిల్లాకి ఉద్యమం చెయ్యడం రాదా అంటే రాకేం, సోంపేట బీల చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులూ మత్స్యకారులూ ఏళ్ల తరబడి రిలే దీక్షల్లో కూర్చున్నారు, 2010 జూలై 14న కాల్పుల్లో మనుషులు పోయారు, అయినా టెంటు తియ్యలేదు, ప్లాంటు రాలేదు. కొవ్వాడలో అణు రియాక్టర్లంటే (అది కరెంటు, ఇది బాంబు, తేడా నాకూ తెలుసులెండి) అక్కడా జనం గట్టిగానే అడిగారు. భూమి పోతుందంటే మనుషులొస్తారు. బాంబుకి పోయే భూమికి సర్వే నంబరు లేదు గనక మిమ్మల్ని పంపిస్తున్నాం.

ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు విశాఖలో, అణు క్షిపణులు మోసే అరిహంత్ సబ్‌మెరైన్‌ని 2009 జూలై 26న కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపారు. రెండోది అరిఘాత్, 2024 ఆగస్టు 29న అక్కడే నేవీలో చేరింది. మేం అప్పటికే 6న ర్యాలీ చేసేశాం, ఆగస్టు కోటా అయిపోయింది. విశాఖ వెళ్లి మాట్లాడదాం అని కమిటీలో ఒకావిడ అంటే, మాలో సగంమంది పిల్లలకి అక్కడే ఉద్యోగాలు, వెంటనే టీలొచ్చేశాయి. జపాన్ గురించి ఏడిస్తే ఎవరి ఉద్యోగం పోదు కదా.

2017లో ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు అణ్వాయుధ నిషేధ ఒప్పందానికి ఓటేశాయి, 2021 జనవరి 22 నుంచి అది అమల్లో ఉంది, బాంబులున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ సంతకం పెట్టలేదు, మనమూ పెట్టలేదు. ఎందుకని మా ఎంపీని మేమెవరం అడగలేదు, మిమ్మల్ని పట్టుకుని నడిచాం కదా అని సరిపెట్టుకున్నాం. జపాన్‌లో వందల మున్సిపాలిటీలు అణ్వస్త్రాలు వద్దని తీర్మానాలు చేశాయి, మా గ్రామసభల్లో ఆ కాగితం ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

కాబట్టి వచ్చే ఆగస్టుకి మీకు సెలవు. మీ ప్యాకెట్లు కొనే డబ్బుల్తో మనిషికో ఉత్తరం ఎంపీకి, ఊరికో తీర్మానం కాగితం. ఫ్లెక్సీని మాత్రం తియ్యలేం, దాని మీద కమిటీ వాళ్ల ఫొటోలున్నాయి.

ఇట్లు,
బొటనవేలి మీద మైనం గీక్కుంటున్న కార్యకర్త

తా.క. 2018లో తిత్లీ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మీరు చేసిన సేవ మర్చిపోలేదు, ఆ డ్యూటీకి మాత్రం ఎప్పుడైనా రండి.