జీలుగు చెట్టు దగ్గరికి అతిథులుగా వెళ్దాం

విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళ పిల్లలు సంక్రాంతికి ఒడిశాలోని మన రాయగడ వస్తే మనం చూపించేవి అవే నాలుగు. మజ్జిగౌరమ్మ గుడి, హాతీపత్థర్ జలపాతం, వీలుంటే గజపతి జిల్లా జిరంగ్‌లోని బౌద్ధ మఠం, బుధవారం కలిసొస్తే చాటికోన సంత. నా గొడవంతా ఈ సంతతోనే. నియమగిరి కొండలు దిగి వచ్చే డోంగ్రియా కోదు గిరిజనులు అనాస, పసుపు, అరటి అమ్ముకోడానికి వస్తారు. మనవాళ్ళు కారు దిగి, అడగనైనా అడక్కుండా ఆడవాళ్ళ మొహాల ముందు ఫోన్లు పెట్టి, రెండు అనాసపళ్ళకి గట్టిగా బేరమాడి వచ్చేస్తారు. మాచ్‌ఖండ్ దగ్గర ఒనుకుడెల్లి గురువారం సంతకి వచ్చే బొండా తెగ ఆడవాళ్ళకీ ఇదే తంతు.

అవే పిల్లల దగ్గరికి మనం ఇంగ్లండు వెళ్తే వారాంతంలో సోమర్‌సెట్‌కో హెరిఫర్డ్‌షైర్‌కో సైడర్ తోట, అంటే ఆపిల్ రసం పులియబెట్టి చేసే కల్లులాంటి పానీయం తయారయ్యే తోట చూపించడానికి తీసుకెళ్తారు. అక్కడ ముందే బుక్ చేసుకోవాలి, టికెట్టు కొనాలి, రైతు చెప్పిన టైముకి వెళ్ళాలి, ఆయన చూపించిందే చూడాలి. పిల్లలకీ కారు నడిపేవాళ్ళకీ పులియని ఆపిల్ రసం ఇస్తారు. మిగతావాళ్ళకి పీపాలోంచి వంచి, కొంచెం కొంచెం రుచి చూపిస్తారు. తోట ఆయనది, మాట ఆయనది, డబ్బూ ఆయనకే. వెళ్ళినవాళ్ళు బుద్ధిగా వింటారు. ఇక్కడ కొండవాళ్ళ దగ్గర ఆ బుద్ధి ఎటు పోతుందో!

సైడర్ సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. దుకాణంలో కొనే తియ్యటి ఆపిల్‌తో పాతకాలపు సైడర్ రాదు. దానికోసమే పెంచే రకాలు వేరే ఉన్నాయి. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్, యార్లింగ్టన్ మిల్ అంటారు. కొరికితే జీడిమామిడి పండు కొరికినట్టు నోరు పిడచకట్టుకుపోతుంది. ఆ వగరే తర్వాత రుచిగా మారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో రాలిన పళ్ళు ఏరి, నలగ్గొట్టి, ఆ ముద్దని గుడ్డల్లో పొరలుపొరలుగా పేర్చి మరలో నొక్కి రసం తీస్తారు. పూర్వం గుడ్డలకి బదులు గడ్డి పరిచేవారు. పాత పద్ధతి వదలనివాళ్ళు ఈస్టు కూడా కలపరు. పండు మీదా మర మీదా ఉన్నదే ఆ పని చేస్తుంది. చలికాలమంతా నెమ్మదిగా పులిసి, ఎండలు ముదిరేసరికి తాగడానికి సిద్ధమవుతుంది. జనవరిలో తోటలోనే ఒక పండగ చేస్తారు. కొమ్మలకి కాల్చిన రొట్టెముక్కలు తగిలించి, చెట్టు మొదట్లో సైడర్ పోసి, చెడు శక్తులు పారిపోవాలని తుపాకులు పేలుస్తారు. మన కొండల్లో చెట్టుకి కల్లు పోస్తే పేపర్లో మూఢనమ్మకం అని రాస్తారు, అది వేరే సంగతి.

స్పెయిన్‌లోని అస్టూరియస్‌లో సైడర్ చుట్టూ ఉన్న ఆచారాలని యునెస్కో 2024లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. బ్రిటన్‌లో ఏడాదికి 7,000 లీటర్లకి మించకుండా తయారుచేసే చిన్న రైతుకి సైడర్ సుంకంలో మినహాయింపు ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఇంటి వెనక తోట ఉన్నవాడు కూడా ధైర్యంగా గేటుకి బోర్డు కట్టుకోగలిగాడంటే, అందులో ఇలాంటి వెసులుబాటుకీ వాటా ఉంది.

మన వైపు దీనికి సాటి జీలుగు, తాటిచెట్టులా కల్లిచ్చే కొండచెట్టు. గుమ్మా, సెరంగో వైపు సవర ఊళ్ళకి వెళ్ళినా, రాయగడ చుట్టుపక్కల కోదు ఊళ్ళకి వెళ్ళినా ఆ చెట్టు కనిపిస్తుంది. పదేళ్ళు, ఒక్కోసారి పదిహేనేళ్ళు పెరిగితేగాని గెల వెయ్యదు. మొదటి గెల తలదగ్గర వేస్తుంది. తర్వాతవి ఒకటొకటిగా కిందికి దిగుతూ వస్తాయి. ఆఖరి గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. కాబట్టి జీలుగు చెట్టున్న ఇంట్లో ఎవరో ఒకరు ముందుచూపుతో మొక్కని బతకనిచ్చారన్నమాట. గీసే మనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి, పూగెలకి కొత్త కోత పెట్టి, నిండిన కుండ దింపుతాడు. పులియడం కుండలోనే మొదలైపోతుంది. తెల్లారి దింపింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, రాత్రికి పుల్లబడుతుంది. చెట్టు పని అయిపోయాక లోపలి దవ్వ దంచి పిండి చేస్తారు. కరువు రోజుల్లో ఆ పిండే తిండి.

సైడర్‌కి లేని ప్రత్యేకత జీలుగుకి ఇక్కడే ఉంది. సైడర్ సీసాకెక్కి ఊళ్ళు తిరుగుతుంది, లండన్‌లో ఇంటి పక్క దుకాణంలోనూ దొరుకుతుంది. తోటకి వెళ్ళడం సరదాకే. జీలుగు కల్లు కొండ దిగి రాయగడ బస్టాండు చేరేసరికే దాని రుచి మారిపోయి ఉంటుంది. అసలు రుచి కావాలంటే చెట్టు కిందికి, ఆ మనిషి ఊరికి, ఆయన కుండ దింపే టైముకి మనమే వెళ్ళాలి. మధ్యలో పట్నం దళారీ దూరడానికి సందు తక్కువ. అందుకే ఇలాంటి ప్రయాణాలు మన జిల్లాల్లో మొదలవ్వాలని నా పట్టు.

తాగుడుకి ప్రచారమా అని పెద్దలు కొందరు కోప్పడతారు. తాగుడు ఇళ్ళు కూల్చింది నిజమే, ముఖ్యంగా పట్నం నుంచి వచ్చిన సారా. సైడర్ చరిత్రలోనూ మచ్చలున్నాయి. ఇంగ్లండు రైతులు ఒకప్పుడు కూలీలకి జీతంలో కొంత భాగం సైడర్‌గానే ఇచ్చేవాళ్ళు. 1887లో చట్టం తెచ్చి ఆ పద్ధతిని నిషేధించాల్సి వచ్చింది. మన చరిత్ర కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. కొండవాళ్ళ చింత, పనస, జీలుగు చెట్లని అప్పు కింద కుదువ పెట్టించుకున్న షావుకార్లలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు టూరు పేరుతో ఆ చెట్టు చుట్టూ మళ్ళీ మన కంట్రాక్టరే గుడిసెలు వేసి, కొండమనిషిని నెలజీతానికి పెట్టుకుంటే అది పాత కుదువకి కొత్త పేరే. అలాగైతే నేనే ముందు వద్దంటాను.

కాబట్టి ఏ ఊరికి వెళ్ళాలన్నా ముందు ఆ ఊరి గ్రామసభ సరేననాలి. రాయగడ, కొరాపుట్ షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించినవి. అలాంటి చోట మత్తు పానీయాల అమ్మకం, వాడకం మీద గ్రామసభకి అధికారం ఉండాలని 1996 నాటి పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టమే చెబుతోంది. ఎంతమంది రావాలో, ఎంత ఇవ్వాలో, ఫొటో తియ్యొచ్చో లేదో, తాగిస్తారో చూపించి పంపేస్తారో ఊరే చెప్పాలి. వద్దంటే వద్దు. 2013లో నియమగిరి గనుల విషయంలో 12 గ్రామసభలూ వద్దన్నాయి, సుప్రీంకోర్టు ఆదేశంతో పెట్టిన సభలవి. మన పిక్నిక్ అంతకంటే గొప్పదేం కాదు కదా.

తాగనివాళ్ళు ఏం చేస్తారని అడుగుతారు. ఎండాకాలంలో జీడిమామిడి తోటలకి వెళ్ళొచ్చు. గింజ పలాస ఫ్యాక్టరీలకి వెళ్ళిపోతుంది, పండు చాలావరకు చెట్టు కిందే కుళ్ళిపోతుంది. గోవా వాళ్ళు ఆ పండుతోనే ఫెనీ అనే సారా కాస్తారు. దానికి 2009లో జీఐ, అంటే ఆ ప్రాంతపు సొంత సరుకన్న గుర్తింపు వచ్చింది, 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. మనం ఫెనీ దాకా పోనక్కర్లేదు. తోటలో కూర్చుని అప్పుడే తీసిన రసం ఉప్పేసుకుని తాగి, గింజ ఒలిచే ఆడవాళ్ళ చేతులు ఎందుకు నల్లబడతాయో అడిగి తెలుసుకున్నా పిల్లలకి ఆ పూట దండగ కాదు.

నేర్చుకోడానికి కొండకి వెళ్ళడం మనకి కొత్తేమీ కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు ఒక సవరని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషకి వ్యాకరణం అచ్చువేయించారు. అంత పని మనవల్ల కాకపోయినా, పొద్దున్నే వెళ్ళి, చెప్పింది విని, అడిగినంత ఇచ్చి రావచ్చు.

మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాలకి ఏటా బస్సు వేస్తుంది. ఆ నెలలో కల్లు మాటెత్తితే మా ఇంట్లోనే ఒప్పుకోరు కాబట్టి సంక్రాంతి వెళ్ళాక, పిల్లలు తిరుగు విమానం ఎక్కకముందే ఇంకో చిన్న బస్సు వెయ్యమని కమిటీని అడుగుతున్నాను. అంతకంటే ముందు కమిటీలో ఇద్దరు ఏదైనా ఒక ఊరు వెళ్ళి, పెద్దలతో కూర్చుని మాట్లాడి రావాలి. వాళ్ళు సరేనంటే బస్సు తెల్లారుజామున నాలుగింటికే కదలాలి. టిఫిన్ చేసి బయల్దేరదాం అనేవాళ్ళకి పుల్లటిదే మిగులుతుంది.