నాన్న పూచీ ఉంటేనే నర్సు చదువా?

పీజీ, ప్రొఫెషనల్ కోర్సుల విద్యార్థులకు ప్రభుత్వమే ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలను అమెరికా కాంగ్రెస్ మళ్లీ తేవాలి. 2006 జులై నుంచి నడిచిన ఈ పథకాన్ని, 2025 జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన ‘బిగ్ బ్యూటిఫుల్’ చట్టం 2026 జులై 1 నుంచి చేరే కొత్తవాళ్లకు ఎత్తేసింది. అప్పటికే రుణం తీసుకుని చదువుతున్నవారికి మహా అయితే మూడేళ్ల వెసులుబాటు. మిగతావారికి ప్రభుత్వ రుణ పరిమితి పీజీ అయితే ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తమ్మీద లక్ష. ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు.

ఏ కోర్సు ఏ గట్టున పడిందో చూడండి. విద్యాశాఖ కమిటీ 2025 నవంబరులో అంగీకరించిన ప్రొఫెషనల్ కోర్సుల జాబితాలో మెడిసిన్, డెంటల్, లా, థియాలజీ ఉన్నాయి. నర్సింగ్, ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టరుతో కలిసి వైద్యం చేసేవారి కోర్సు), ఫిజికల్ థెరపీ లేవు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే నర్సు కావాలంటే మూడేళ్ల డాక్టరేట్ చదవాలి. ఏడాదికి 20,500 చొప్పున చేతికొచ్చేది 61,500. చాలా కాలేజీల్లో ఇది ట్యూషన్‌కే చాలదు. క్లినికల్ డ్యూటీలతో ఉద్యోగం కుదరదు. మరి అద్దె, తిండి, ఇన్సూరెన్స్? గ్రాడ్ ప్లస్ ఆదుకున్నది సరిగ్గా ఇక్కడే. కాలేజీ లెక్కగట్టిన ఖర్చులోంచి ఇతర సాయం తీసేసి, మిగిలిన లోటంతా ఇచ్చేది. క్రెడిట్ స్కోరు అడిగేది కాదు, పెద్ద ఎగవేతలు లేకుంటే చాలు.

ఇప్పుడా లోటుకు ప్రైవేటు బ్యాంకు గుమ్మం ఎక్కాలి. సంపాదన లేని విద్యార్థికి మంచి స్కోరున్న కో-సైనర్, అంటే పూచీ సంతకం పెట్టేవారు కావాలి. ఆ అప్పుకు ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించే ప్రభుత్వ పథకాలు వర్తించవు. ప్రభుత్వ, లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో పనిచేస్తూ 120 వాయిదాలు కడితే మిగతా బాకీ రద్దుచేసే పీఎస్‌ఎల్‌ఎఫ్ కూడా దీనికి లేదు. ఇంత భారం మోసేవాళ్లు పల్లె క్లినిక్‌కు ఎందుకు వెళతారు?

అడిగినంత అప్పు ఇవ్వబట్టే కాలేజీలు ఫీజులు పెంచాయన్నది ఎదుటి వాదన. 1987లో నాటి విద్యామంత్రి విలియం బెన్నెట్ లేవనెత్తినదే. అందులో కొంత నిజముంది.

కానీ దానికి మందు ఇదే చట్టంలో ఉంది! ఒక పీజీ కోర్సు చదివినవారి మధ్యస్థ ఆదాయం, డిగ్రీతో ఆగిపోయినవారి ఆదాయం కంటే మూడేళ్లలో రెండేళ్లు తక్కువగా ఉంటే ఆ కోర్సుకు ప్రభుత్వ రుణాలు ఆగిపోతాయి. పనికిరాని కోర్సును ఏరేసే జల్లెడ ఇది. జల్లెడలో నిలిచిన కోర్సుకు మళ్లీ ఈ పరిమితి దేనికి? మత్తు నర్సులకు మంచి జీతాలున్నాయి, అప్పు తీర్చగలరు. అలాంటివారికి రుణం కోసి ఖజానాకు మిగిల్చేదేమిటి?

రేపటి సంపాదన చూసి ఇచ్చేది విద్యారుణం. నిన్నటి ఆస్తి చూసి ఇచ్చేది తాకట్టు అప్పు. ఈ తేడా తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎఫ్-1 వీసా పిల్లలకు అమెరికా ప్రభుత్వ రుణం ఎన్నడూ లేదు. అందుకే ఇక్కడ ఇల్లో స్థలమో బ్యాంకులో పెట్టి ఎంఎస్‌కు పంపిన కుటుంబాలు ఎన్నెన్నో. తాకట్టు పెట్టడానికేమీ లేని ఇంటి పిల్లలు, ఎంత మార్కులొచ్చినా, ఆగిపోయారు. ఆ బాధ ఎరిగిన భారత ప్రభుత్వమే 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి కింద, దేశంలోని మేటి సంస్థల్లో చేరేవారికి పూచీ, తాకట్టు లేని రుణానికి ఆమోదం తెలిపింది. అమెరికా మాత్రం పూచీ లేని రుణం నుంచి పూచీ అడిగే అప్పు వైపు నడుస్తోంది. అక్కడ గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్న మన పిల్లలకూ ఈ దెబ్బ తగులుతుంది.

గ్రాడ్ ప్లస్‌ను మళ్లీ తెచ్చేటప్పుడు పాత లోపాన్నీ సరిచేయాలి. 2025-26లో గ్రాడ్ ప్లస్ వడ్డీ 8.94 శాతం, ముందే కోసుకునే ఫీజు 4.228 శాతం. 30 వేల డాలర్లు రాసిస్తే 1,268 పోయి 28,732 చేతికొస్తుంది, వడ్డీ మాత్రం 30 వేల మీద నడుస్తుంది. మామూలు పీజీ రుణానికి ఆ ఫీజు 1.057 శాతమే. ముందు గ్రాడ్ ప్లస్ ఫీజును ఈ స్థాయికి దించాలి. నర్సింగ్, ఫిజీషియన్ అసిస్టెంట్ వంటి లైసెన్స్ కోర్సులన్నిటినీ ప్రొఫెషనల్ జాబితాలో చేర్చాలి.