ప్రాణాలిస్తానంటే ఫైర్‌మ్యాన్ ఉద్యోగం ఇచ్చేస్తారా?

'ఫైర్‌మ్యాన్ ఇంటర్వ్యూ కొట్టడానికి నాలుగు సూత్రాలు' అనే మెసేజ్ మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఫ్యాక్టరీ ఫైర్ విభాగంలో కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు బల్లకు ఇవతల కూర్చున్నవాణ్ణి. ఆ నాలుగూ తప్పే.

'సర్కారు పోస్టుకు ఇంటర్వ్యూ మార్కులే కీలకం, తెలిసినవాడుంటే చాలు' అన్నది మొదటిది. ఆలూ లేదు, చూలూ లేదు! తెలంగాణలో 2022 నోటిఫికేషన్ చూడండి: ప్రాథమిక రాతపరీక్ష, శరీర కొలతలు, పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, తుది రాతపరీక్ష. ఇంటర్వ్యూ ఎక్కడుంది? మార్కులు వేయిస్తానని డబ్బడిగేవాడు మోసగాడే. ఇంటర్వ్యూలు ఎదురయ్యేది ప్రైవేటు ఫ్యాక్టరీల్లో, గల్ఫ్ ఉద్యోగాల్లో.

రెండోది, 'ప్రాణాలకు తెగించి దూకుతానని చెప్పండి.' ఎక్కువమందిని ముంచేది ఇదే. నేనడిగే ప్రశ్న ఒకటుంది: 'లోపల మనిషున్నాడు, నీ బీఏ సెట్ (వీపున మోసే గాలి సిలిండర్, మాస్క్) విజిల్ మోగింది, ఏం చేస్తావ్?' ఒక కుర్రాడు ఛాతీ విరిచి 'అతన్ని తీసుకునే వస్తా సార్' అన్నాడు. విజిల్ మోగిందంటే సిలిండర్లో గాలి అయిపోవస్తోందని. ఇతనూ పడిపోతే మోయాల్సినవాళ్లు ఇద్దరవుతారు. 'జతగాడితో కలిసి బయటికొస్తా, మనిషి ఎక్కడున్నాడో ఇన్‌ఛార్జికి చెప్తా, వేరే జత వెళ్తుంది' అనాలి. అమెరికాలో అయితే ఇద్దరు లోపలికెళ్తే కనీసం ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలని నిబంధనే ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఏటా ఆ రోజు తలుచుకుంటాం. ఆ కథ చెప్పి 'నేనూ అలాగే' అంటారు కొందరు. నాయనా, ఆ ఓడలో పత్తితో పాటు పేలుడు సరుకు ఉంది. నువ్వు నేర్చుకోవాల్సింది, నీళ్లు కొట్టే ముందు లోపల ఏముందో అడగడం.

మూడోది, 'తెలియదని అస్సలు అనకండి.' గ్యాస్ బండ వాల్వు దగ్గర మంట వస్తుంటే ఏం చేస్తావంటే, తెలియక 'ముందు మంట ఆర్పేస్తా' అని దబాయించినవాళ్లున్నారు. వాల్వు కట్టేయకుండా మంటొక్కటీ ఆర్పితే గ్యాస్ వస్తూనే ఉంటుంది. గాలికన్నా బరువు కనుక నేలబారున పరుచుకుంటుంది. ఆపైన ఒక్క నిప్పురవ్వ చాలు. 'తెలియదు సార్, సీనియర్ని అడుగుతా' అన్నవాడే నయం. అలాగే మంటల రకాల్లో 'క్లాస్ సి' అంటే మన లెక్కలో గ్యాస్ మంట, అమెరికా లెక్కలో కరెంటు మంట. 'ఏ లెక్కలో సార్?' అని ఎదురడిగితే మేమేం కోప్పడం, లోలోపల మెచ్చుకుంటాం.

ఇక టై కట్టుకోవాలట. ఇస్త్రీ చొక్కా, బూట్లు చాలు. గడ్డం మాత్రం గీసుకుని రండి. గడ్డముంటే మాస్క్ ముఖానికి అతుక్కోదు.