ఇన్వర్టరు నీళ్ళు యాడబోయె?

(అనంతపురం, మే నెల. ఇంటిముందు వేపచెట్టు కింద ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో పెట్రోలు కారు, బానెట్ ఎత్తి ఉంది. కారు కిందినుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి. అవి మనవడు చంద్రవి. అవ్వ నడుముకు చేతులు పెట్టుకుని ఆ కాళ్ళతోనే మాట్లాడుతోంది.)

అవ్వ: రేయ్ చంద్రా! ఇన్వర్టరుకు పోసే నీళ్ళ క్యాను యాడబోయెరా?

చంద్ర: నాకేం తెలుసవ్వా.

అవ్వ: నీకు తెలీదు, మీ నాయనకు తెలీదు. అయిదు లీటర్ల క్యాను పిల్లి ఎత్తకపాయనా?

చంద్ర: నేనే తీసుకుంటిలే. మళ్ళా తెచ్చి పెడ్తా.

అవ్వ: యాల తీసుకుంటివి?

చంద్ర: ఇంజన్లో కొట్టేకి.

అవ్వ: రేడియేటర్లోకా?

చంద్ర: కాదు, ఇంజన్ లోపలికే. గాలి పోయే దారిలో.

(అవ్వ కాసేపు ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఇది అరుదు.)

అవ్వ: పోయిన వానకాలం రైలుబ్రిడ్జి కింద నీళ్ళలో కారు తోలి, ఇంజన్లోకి నీళ్ళుబోయి, రాడ్డు వంగిపోయి, ఎదురింటాయప్ప ఎన్ని వేలు పెట్టెనో ఎరుకనా? ఆయప్ప తెలీక పోగొట్టుకునె. నువ్వు పంపు బిగించి మరీ పోస్తాండావా?

చంద్ర: (బయటికి జరుగుతూ) అది చెంబులు చెంబులు పోవడమవ్వా. నీళ్ళు అణగవు, పిస్టన్ పైకొచ్చేకి సందుండదు, రాడ్డు వంగుతాది. ఇది సన్న పొగమంచు. లోపలికి పోతానే ఆవిరైపోతాది.

అవ్వ: అయితే?

చంద్ర: గాలి చల్లబడతాది. చూడు, టర్బో అంటే పొగగొట్టంలో పోయే వేడి పొగకు తిరిగే చక్రం. దానికి ఇరుసు కలిపి ఈ పక్క ఇంకో చక్రం. ఇది గాలిని అదిమి ఇంజన్లోకి తోస్తాది. అదిమిన గాలి కాగుతాది. బయట 40 డిగ్రీలుంటే, ఒక బార్, అంటే ఇంకో బయటిగాలి ఒత్తిడంత, అదిమేపాటికి 100 దాటిపోతాది.

అవ్వ: దానికి ముందర ఇంకో రేడియేటరు పెట్టినారు కదరా, అదేమి అలంకారానికా?

చంద్ర: ఇంటర్‌కూలర్. దానికి తగిలేది కూడా మన అనంతపురం గాలే కదా! అది మే నెలలో ఏం చల్లబరుస్తాది?

అవ్వ: కాగిన గాలి పోతే టకటకమని కొడతాది, అంతే కదా.

చంద్ర: (స్పానర్ కింద పెట్టి) నీకెట్ల తెలుసు?

అవ్వ: మీ తాత పెట్రోలు జీపు తోలినన్నాళ్ళు పక్కసీట్లో కూర్చున్నది ఎవురు? ఎండాకాలం లోడేసుకుని పెనుకొండ ఎక్కుతాంటే కొట్టేది. ఆయన వినకుంటే, "గేరు తగ్గించయ్యా, ఇంజను ఏడుస్తాంది" అని నేనే చెప్పేదాన్ని.

చంద్ర: అదే నాకింగ్! స్పార్క్ పడి మంట పాకేలోగానే, మిగిలిన పెట్రోలు ఆ వేడికి, ఒత్తిడికి ఒక్కసారి తనంతట తానే అంటుకుంటాది. ఇప్పటి బండ్లలో దాన్ని వినేకి సెన్సర్ ఉంటాది. వినబడినాక కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేస్తాది. ఇంజను బతుకుతాది, బలం పోతాది. మన బండి మధ్యాన్నం పూట సోంబేరి మాదిరి పోయేది అందుకే.

అవ్వ: మధ్యాన్నం నువ్వూ అట్లే ఉంటావు. నీకేమి కొట్టల్ల?

చంద్ర: అవ్వా, విను. ఒక కిలో నీళ్ళు ఆవిరి కావల్లంటే 2257 కిలోజౌళ్ళ వేడి కావల్ల. కిలో పెట్రోలుకు దాంట్లో ఆరోవంతు కూడా లేదు. అంత వేడి నీళ్ళు యాడినుంచి తీసుకుంటాయి? ఆ గాలినుంచే.

అవ్వ: ఒరే, కడవలో నీళ్ళు చల్లగుండేది అట్లే కదా. బయట చెమర్చి ఆరితే లోపల చల్లన. దీనికి జౌళ్ళు, గీళ్ళు ఎందుకు?

(ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు ఫీజు కట్టిన తండ్రి ఈ ముక్క వినలేదు. మంచిదే.)

అవ్వ: సరే, ఈ పంపు యాడిది?

చంద్ర: ఆన్‌లైన్...

అవ్వ: చంద్రా.

చంద్ర: ...నార్పల తోటలో స్ప్రేయర్‌ది.

అవ్వ: నీ పాసుగూల! చీనీచెట్లకు మందు కొట్టల్లని మీ చిన్నాయన పొద్దన్నుంచి మూడుతూర్లు ఫోన్ చేసె. "అమ్మా, మిషన్‌కు చార్జింగుంది, పంపే లేదు" అంటాండు. ఎవురో దొంగ పంపు ఒక్కటే పీకి మిషన్ వదిలిపెట్టెనని ఆశ్చర్యపోతాండాడు ఆయప్ప!

చంద్ర: 12 వోల్టులది అవ్వా, కారు బ్యాటరీకి సరిగ్గా సరిపోతాది. ముందు వంటింట్లో ఫిల్టరుది చూస్తి, అది 24 వోల్టులది, పనికిరాదు.

అవ్వ: (చెయ్యి గుండెమీద వేసుకుని) ఫిల్టరు గూడా ఇప్పితివా?

చంద్ర: మళ్ళా బిగిస్తినవ్వా. నువ్వు పొద్దన తాగిన నీళ్ళు దాంట్లోవే.

అవ్వ: మందు కొట్టిన పంపు కడిగితివా? లేకుంటే మీ ఇంజన్లో పురుగులు చచ్చేకి పెట్టినావా?

చంద్ర: కడిగినా. సరే, నీళ్ళు చిమ్మే ఈ నాజిల్ అడగవా?

అవ్వ: అడగను. (ఒక్క క్షణం ఆగి) యాడిది?

చంద్ర: ఫంక్షన్ హాల్లో పెండ్లిండ్లకు పొగమంచు చిమ్మే ఫ్యానుంటాది చూడు. వాళ్ళది రెక్కలు విరిగి మూలకు పడుంటే అడిగి తెచ్చుకుంటి. అడిగే తెచ్చుకుంటి!

అవ్వ: ఈ కొంపలోనే అడగకుండా తీసేది, బయట అడిగి తెస్తావు. భలే మర్యాదస్తుడివిరా.

(అవ్వ బానెట్ లోపలికి తొంగి చూస్తుంది. అక్కడ ఒక చిన్న నీలం బాటిల్. మూతమీద ఎర్రసిరాతో పుర్రె గుర్తు.)

అవ్వ: ఇదేమి?

చంద్ర: అది... మిథనాల్. ఆల్కహాల్. సగం నీళ్ళు, సగం ఇది కలిపి కొట్టల్లని లెక్క. మిథనాల్‌కు ఆక్టేన్, అంటే టకటక కొట్టకుండా తట్టుకునే గుణం, ఎక్కువ. అది కూడా మండుతాది కాబట్టి బలమొస్తాది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్ళు మెసర్‌ష్మిట్ విమానాల్లో ఇదే వాడినారు. దాని పేరు ఎండబ్ల్యూ 50. సగం మిథనాల్, మిగతాది దాదాపు అంతా నీళ్ళు, తుప్పు పట్టకుండా ఒక చుక్క నూనె. శత్రువు వెంటబడితే పైలట్ అది తెరిచేది. ఒక్కసారికి పదినిమిషాలే వాడల్ల అని ఆజ్ఞ.

అవ్వ: నీ వెంట ఎవురు పడినారురా? ఇంటి కంతు అడిగే బ్యాంకోడా?

చంద్ర: అవ్వా...

అవ్వ: ఇది మనిషి తాగితే?

చంద్ర: కళ్ళు పోతాయి. ప్రాణం గూడా పోతాది. చర్మంలోంచి, పీల్చినా లోపలికి పోతాది. అంటుకుంటే పగలు మంట కూడా సరిగ్గా కనబడదు.

అవ్వ: అది తెలిసి తెచ్చి, నీళ్ళబాటిల్లో పోసి, రాత్రికి తడుముకుంటా నీళ్ళు తాగే మీ నాయనున్న కొంపలో పెట్టినావు. పుర్రె బొమ్మ చూసేకి ఆయప్పకు కండ్లజోడు కావల్ల! తీసుకపో. ఇప్పుడే.

చంద్ర: ఆల్కహాల్ లేకుంటే చలికి నీళ్ళు గడ్డకడతాయవ్వా. విదేశాల్లో...

(మాట పూర్తి కాలేదు. వేపచెట్టు మీద కాకి నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. చంద్ర దాన్ని చూశాడు, అవ్వ చంద్రను చూసింది.)

చంద్ర: ...సరే. కొట్టు ఆయనకు వాపస్ ఇస్తా. నీళ్ళొకటే వేస్తా.

అవ్వ: బోరు నీళ్ళు పొయ్యి మరి, ఇన్వర్టరువి ఎందుకు?

చంద్ర: మన బోరు నీళ్ళా? బక్కెట్టుకు తెల్లగా గార పడతాంది. ఆ ఉప్పు నాజిల్లో పేరుకుంటే రెండురోజుల్లో మూసుకుపోతాది. బీఎండబ్ల్యూవాళ్ళు 2016లో ఎం4 జీటీఎస్ అని ఒక కారు చేసినారు, దానికి ఫ్యాక్టరీలోనే డిక్కీలో అయిదు లీటర్ల ట్యాంకు పెట్టినారు. దాంట్లోకీ ఇన్వర్టరువి మాదిరి ఉప్పు లేని డిస్టిల్డ్ నీళ్ళే.

అవ్వ: ఆ కారోడు ఇన్వర్టరు క్యాను దొంగిలించలేదు కదా. సరే, ట్యాంకులో నీళ్ళు అయిపోతే?

చంద్ర: అయిపోతే... ఏముంది, మళ్ళా పోస్తాం.

అవ్వ: పోసేదాకా?

చంద్ర: (తల గోక్కుంటూ) అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని 1962లో వచ్చింది. టర్బో పెట్టి అమ్మిన మొట్టమొదటి కార్లలో అదొకటి. దానికి నీళ్ళు, మిథనాల్ కలిపిన బుడ్డి ఉండేది. కొన్నోళ్ళు నింపేది మర్చిపోయేవాళ్ళు. ఖాళీ అయితే టర్బో ఒత్తిడి తగ్గేటట్లు దాంట్లో ఏర్పాటుంది, బండి నత్తనడక. జనం విసుక్కుంటే చివరికి కంపెనీనే చాలామందికి టర్బో పీకి మామూలు కార్బ్యురేటరు పెట్టిచ్చె.

అవ్వ: అంటే, నింపేది మర్చిపోతారని అరవై ఏండ్ల కిందటే తెలిసిపాయ. నీ బండికి ఆ ఏర్పాటుందా?

చంద్ర: ...లేదు.

అవ్వ: నువ్వు స్నానానికి గీజరు వేసి మర్చిపోయేవాడివి. ఆ ట్యాంకులో తేలే బుడ్డి ఒకటి వెయ్యి. నీళ్ళు తగ్గితే దీపం వెలగల్ల. మన మేడమీద ట్యాంకుకు ఉంది కదా, అది మాత్రం పీకొద్దు!

చంద్ర: పీకను.

అవ్వ: ఇంకొకటి. ట్యాంకు డిక్కీలో పైన, నాజిల్ ముందర కింద. డ్రమ్ములో ట్యూబు వేసి ఒక్కసారి నోటితో పీలిస్తే, నీళ్ళు తమంతట తామే కారిపోవా? పంపు నిలిపినా మీ నాజిల్ కారకుండా ఉంటాదా?

(ఇప్పుడు మాట్లాడకుండా ఉండటం చంద్ర వంతు. నాజిల్‌ను అతను గాలిదారిని తెరిచి మూసే థ్రాటిల్‌కు అవతల, ఇంజన్‌కు దగ్గరగా బిగించాడు. యాక్సిలరేటర్ వదిలితే అక్కడ ఇంజన్ గట్టిగా పీలుస్తుంది. అవ్వ చెప్పిన ట్యూబు ఒక్కటే కాదు, ఆ పీల్చేది కూడా కలిస్తే బండి ఆపి ఉన్నా, మెల్లగా పోతున్నా నీళ్ళు లోపలికి కారుతూనే ఉంటాయి. ఎదురింటాయప్ప రాడ్డు కథ మళ్ళీ మొదలయ్యేదే.)

చంద్ర: నాజిల్ థ్రాటిల్‌కు ఈవల పెడ్తా. మధ్యలో కరెంటు వాల్వు ఒకటి వేస్తా. టర్బో గాలి అర బార్ దాటితేనే స్విచ్ పడల్ల, కరెంటు కలిపే రిలే పడల్ల, పంపు తిరిగేది, వాల్వు తెరిచేది రెండూ ఒకేసారి కావల్ల. లేకుంటే రెండూ మూతే.

అవ్వ: ఫ్యూజు?

చంద్ర: వేస్తానవ్వా!

అవ్వ: సరే, ఇంతా చేస్తే బలం ఎంత పెరుగుతాది?

చంద్ర: పెరగదు.

అవ్వ: ఏమి?

చంద్ర: నీళ్ళు మండవు కదా. బలం పెరగల్లంటే బెంగుళూరు పోయి కంప్యూటరులో ట్యూనింగ్ మార్పించల్ల, బూస్ట్, అంటే టర్బో ఒత్తిడి, ఎక్కువ చెయ్యల్ల. అట్ల చెయ్యకుండా నీళ్ళు కొడితే, ఎండకు పోయే బలం పోకుండా ఉంటాది. అంతే.

అవ్వ: చిన్నాయన స్ప్రేయర్ పీకి, ఇన్వర్టరు నీళ్ళు ఎత్తకపోయి, విషం కొనుక్కొచ్చి, ఇదంతా ఎండకు పోయే బలం కోసరమా?

చంద్ర: అవును.

అవ్వ: బండి పొద్దన్నే తీస్తే సరిపోయె కదరా!

(సాయంత్రానికి కొత్త పంపు వచ్చింది. పాతది నార్పలకు పోయింది. వాల్వు, ఫ్యూజు, తేలే బుడ్డి అన్నీ పడ్డాయి. మర్నాడు మిట్టమధ్యాహ్నం, కావాలనే మిట్టమధ్యాహ్నం, బండి రోడ్డెక్కింది. అవ్వ పక్కసీట్లో. టవర్‌క్లాక్ దగ్గర ఆటోలు, ఆ తర్వాత ఎడ్లబండి ఒకటి, ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్లు. ఊరు దాటేదాకా టర్బోకు పనే పడలేదు, పంపు ఒక్కసారి కూడా తిరగలేదు. బెంగుళూరు హైవే ఎక్కాక చంద్ర గట్టిగా తొక్కాడు. వెనకనుంచి "గుయ్" మని శబ్దం. ఫోన్‌లో గాలి వేడి చూపించే అంకె 71 నుంచి గబగబా దిగుతోంది.)

చంద్ర: 66... 60... 55! చూస్తాండావా అవ్వా! ఎట్లుంది?

అవ్వ: (కొంగుతో మెడ తుడుచుకుంటూ) ఎవురికి? ఇంజనుకా, నాకా?

చంద్ర: ఇంజనుకే!

అవ్వ: దానికేమి, మంచు కొట్టించుకుంటాంది. ఏసీ యాల నిలిపితివి?

చంద్ర: టెస్టింగ్‌లో ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడతాదవ్వా. లెక్క తప్పుతాది. ఇంకొక పది కిలోమీటర్లు.

అవ్వ: ముందర చెరుకురసం బండి కనబడతాంది. నిలుపు. లేకుంటే ఆ ట్యాంకులో నీళ్ళు నేనే తాగేస్తా.