పెదనాయన కోట

మా పెదనాయన కొడుకు ఇంగ్లండుకు కాపురం మార్చినాక, శనాదివారాలు ఎట్ల గడపాలో తెలియక నేషనల్ ట్రస్టులో చేరినాడు. 1895లో పుట్టిన సంస్థ అది. పాత కోటలు, దొరల బంగళాలు, తోటలు దాని చేతిలో ఉంటాయి. సభ్యత్వం కార్డుంటే టికెట్టు లేకుండా ఎన్నయినా చూడొచ్చు. కొడుకును చూసొద్దామని పోయిన పెదనాయనకూ పెద్దమ్మకూ కూడా కార్డులు చేయించినాడు. కట్టిన డబ్బు గిట్టల్ల గదా, వారం వారం తిప్పినాడు. పెద్దమ్మకు మోకాళ్ళు పట్టేసినాయి. పెదనాయనకు పిచ్చి పట్టింది.

ఆ పిచ్చి వేల్సులోని పోవిస్ కోటలో ముదిరింది. టిప్పు సుల్తాను పూలద్దకం గుడారం అక్కడుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు, అంటే ప్లాసీ క్లైవు కొడుకు. గుడారం వాళ్ళింటికి చేరింది. "1792 దాకా మన కడప టిప్పుదే గదరా అబ్బీ. మన గుడారాన్ని మనమే కార్డు చూపించి చూడాల్సొచ్చ!" అని ఊళ్ళో అందర్నీ ఆపి చెప్పేవాడు. పక్కనున్న గండికోటకు ఎద్దు తప్పిపోయిన రోజు తప్ప ఎన్నడూ పోని మనిషి.

జమ్మలమడుగు దగ్గరి మా ఊరికి తిరిగొచ్చినాక ఆయన కన్ను మా పాత మిద్దె మీద పడింది. వానొస్తే కారుతుందని, పడగొట్టి స్లాబు వేయిద్దామని పదేండ్లుగా పోరుతున్నది ఆయనే. ఇప్పుడది చారిత్రక భవనమైంది. వెలుతురు తగిలితే పాత గుడ్డలు వెలిసిపోతాయని అక్కడ తెరలు దించి పెడతారట. ఇక్కడ గవాచికి గోనెపట్ట కప్పినాడు. నడిమింటికి అడ్డంగా ఎద్దుల పగ్గం కట్టినాడు. గదికొక వలంటీరు కూర్చొని చరిత్ర చెప్పల్లంట. వంటింటికి పెద్దమ్మను పెట్టినాడు. "ఇది మా అత్త నన్ను తిట్టిన చోటు. అదిగో, అది కూడా" అని ఆమె చెప్పే చరిత్ర మాత్రం వినదగ్గది.

ఇక కుర్చీ. అక్కడి బంగళాల్లో పాత కుర్చీల మీద "కూర్చోరాదు" అని రాయడానికి బదులు ఓ పైన్ కాయో, ఎండిన ముళ్ళపూవో పెడతారు. చూసినోళ్ళు గమ్మున పక్కకు పోతారు. ఆ మర్యాద పెదనాయనకు తెగ నచ్చింది. మా పక్క పైన్ చెట్లు యాడుండాయి? సెనగచేని గట్టున పల్లేరుకాయలు ఏరుకొచ్చి, మా అబ్బ టేకు కుర్చీలో లెక్కపెట్టి పరిచినాడు. చారిత్రక వస్తువులకు లెక్క ఉండల్లంట.

మండుటెండలో ప్రొద్దుటూరు నుంచి వియ్యంకుడు దిగినాడు. భారీ మనిషి, గంజి పెట్టిన పంచె. ఎండలోంచి ఆ చీకట్లోకి వచ్చేసరికి ఆయనకు కనపడింది కుర్చీ ఆకారమొక్కటే. నేను "మామా" అనేలోపే కూర్చున్నాడు.

ముఖంలో ఏమీ మారలేదు. మీసం ఒక్కసారి పైకి లేచి దిగింది, అంతే.

పెదనాయన వచ్చి చూసి కొయ్యబారిపోయినాడు. లెయ్యమంటే, వియ్యంకుణ్ణి కుర్చీలోంచి లేపినోడవుతాడు. గుచ్చుకున్నాయంటే, ఆయన ఆడబిడ్డనిచ్చిన ఇంటిని తప్పు పట్టినోడవుతాడు. ఇద్దరూ మర్యాదస్తులే, అదే వచ్చిన చిక్కు.

"బావా, లోపల గాదె చూద్దురు రాండి."

"పర్వాలేదు బావా, ఈడనే చల్లగుంది."

లేస్తే వెనకవైపు అందరికీ కనపడుతుంది గదా! గత్యంతరం లేక పెదనాయన టిప్పు గుడారం కథ ఎత్తుకున్నాడు. శ్రీరంగపట్నం పడేసరికి వియ్యంకుడి కండ్లలో నీళ్ళు. "చూసినావారా, చరిత్రంటే అంత మమకారం ఉండల్ల" అన్నాడు పెదనాయన నాతో, గొంతు తడారిపోయి. పల్లేరుకాయల కషాయం మూత్రంలో రాళ్ళకు మంచిదని నాటువైద్యులు అంటారు. ఆ దోవన ఎక్కిస్తారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అన్నానికి పిలిస్తే ఆయన కండువా వెనక్కి వేలాడేసుకొని లేచినాడు. కుర్చీలో కాయ ఒక్కటి కూడా మిగల్లేదు. విస్తరి ముందు కూర్చోకుండా, పళ్ళెం చేతికి తీసుకొని గోడ పక్కన నిలబడి తిన్నాడు. కారు తోలేవాడు ముందు సీటు చూపిస్తే వెనక సీటులో బోర్లా పడుకొని పోయినాడు.

రాత్రి వియ్యపురాలు ఫోను చేసింది. "వదినా, మీ ఇంటి వస్తువులు మా ఆయన వెంట వచ్చినాయి. పట్టకారుతో పెరికినా. పదకొండు. డబ్బాలో పోసి పంపియ్యమంటావా?"

పెద్దమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి పెదనాయన దిక్కు చూసింది. పెదనాయన వేళ్ళు మడుచుకుంటా లెక్క చూసుకున్నాడు.

"నేను పెట్టినవి పద్నాలుగు" అన్నాడు మెల్లగా. "ఇంగోసారి చూడమను."